భుజం మీద చెయ్యి

“నాకు కొలతేంటయ్యా? ఈ వీధి రాళ్ళనడుగు, నా భుజం ఎత్తెంతో అవే చెప్తాయి!”

చర్చి వసారాలో కొలకర్ర పట్టుకుని నిలబడ్డ క్రిసాంతోని పక్కకి నెట్టేశాడు దోన్ ఎలీహియో.

గుడ్ ఫ్రైడే ఊరేగింపులో ప్రభువు పల్లకీని మోసేవాళ్ళందరికీ ఏటా భుజం ఎత్తు కొలుస్తారు. ఎత్తుని బట్టి చోటు ఇస్తారు. ముందు వరసలో కుడి మూల ఎలీహియోది. వయసులో ఉన్నప్పుడు దక్కిన చోటు.

“పెద్దవాళ్ళయ్యాక ఎవరైనా కాస్త కుంగుతారు దోన్ ఎలీహియో. ఒక్కసారి నిలబడండి.”

“కుంగేది నువ్వూ, మీ నాన్నా! ఆ మూల పోతే ఈ ఊళ్ళో నేను తలెత్తుకు తిరగొద్దూ?”

క్రిసాంతో కొలకర్ర గోడకి ఆనించి, పాత చోటే రాసేశాడు.

ఎలీహియో వెనక మోసేవాడికి జ్వరం. ఆ చోట్లో సముద్ర తీరం నుంచి వచ్చిన ఒక చెరకు కూలీని నిలబెట్టారు. పొడుగు మనిషి. అరువు తెచ్చుకున్న ఊరేగింపు ఊదా అంగీ మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

“ఏంటిది, మీ చెల్లెలి గౌనా?” అన్నాడు ఎలీహియో.

అందరూ నవ్వారు. ఆ కూలీ కూడా నవ్వాడు.

గంట మోగింది. పల్లకీ లేచింది. బాజాలు అందుకున్నాయి.

వీధి పొడుగునా పరిచిన పూల మీద అడుగేస్తుంటే ఎలీహియోకి ఒళ్ళు తేలిపోతోంది. బరువే తెలియడం లేదు.

‘ప్రభువా, ఈ వయసులో ఇలా మోసేవాడు నీకు ఇంకెవడున్నాడు?’ అనుకున్నాడు.

వెనక నుంచి ఒగర్పు వినబడింది. అంతలో ఒక చెయ్యి వచ్చి అతని భుజం మీద పడింది.

“చెయ్యి తియ్యి!”

“పెద్దాయనా, ఒక్క మాట...”

“ఎవడ్రా పెద్దాయన? మొయ్యడం చేతకాక నా మీద వాలతావా?”

విదిలించి కొట్టాడు. కాసేపటికి ఆ చెయ్యి మళ్ళీ వచ్చింది. ఎంత తిట్టినా వీధి చివరిదాకా అక్కడే ఉంది.

మోసేవాళ్ళ వంతు మారగానే ఆ మనిషి మెట్ల మీద చతికిలబడ్డాడు. అంగీకి భుజం దగ్గర నెత్తురు మరక.

“ఇంకోసారి పల్లకీ జోలికి రాకు. నన్ను చూసి నేర్చుకో, చెమటైనా పట్టలేదు!” నలుగురూ వినేలా అన్నాడు ఎలీహియో.

“బాగా నడిచారు పెద్దాయనా,” అని లేచి, బస్టాండు వైపు వెళ్ళిపోయాడు అతను.

ఇంటికొచ్చాక ఓతిలియా ఉప్పుచేప వడ్డించింది. భర్త అంగీని అటూ ఇటూ తిప్పి చూసింది. భుజం దగ్గర చిన్న ముడతైనా లేదు.

“చూశావా నన్ను?”

“చూశాను. మలుపులో నీ పక్కనే నిలబడ్డా.”

“ఎలా మోశాను?”

“నువ్వు మొయ్యలేదయ్యా.”

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

“పల్లకీ దూలానికీ నీ భుజానికీ మధ్య నాలుగు వేళ్ళ సందు. నువ్వు కుంగావు. నీ వంతు బరువు కూడా ఆ వెనకాయనే మోశాడు.”

పల్లకీ లేచినప్పుడే ఎలీహియోకి అనుమానం వచ్చింది. దాన్ని నొక్కేసి పైకి నవ్వుతూ నడిచాడు. ఇప్పుడు చెవులు మండుతున్నాయి.

“ఆయన పేరేంటి?”

“మనలో ఎవరడిగారు గనక? తీరం బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.”

ఎలీహియో కంచం పక్కకి జరిపాడు.

“ఊరంతా చూసిందా?”

నోరు జారాక తనమీద తనకే రోత పుట్టింది. ఇంత జరిగినా ఇంకా పరువు గొడవే.

ఓతిలియా అంగీని మడత పెట్టింది.

“లేదు. నేను చూసిన మరుక్షణమే, ఆ సందు ఇంకెవరికీ కనబడకుండా ఆయన చెయ్యి అడ్డం పెట్టేశాడు.”