గోడ అవతలి పాట

శ్రుతయ్య పిడికిలి బిగించి గోడ మీద గుద్దాడు. అవతల పాట ఆగలేదు.

"ఆపమంటున్నానా లేదా."

"చరణం అయిపోవచ్చింది బాబాయ్," అంది గోడ అవతల నుంచి దర్జీ అమ్మాయి. కుట్టుమిషను చప్పుడు కూడా ఆగలేదు.

అప్పుడే వెలుగొస్తోంది. అతను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. భార్యను పాతిపెట్టి వచ్చినప్పటి నుంచి అతనికి లేవాలని లేదు. లేచి చేసేదేముంది? బస్సుల షెడ్డులో వెల్డింగు ఇంకెవరైనా చేస్తారు. ఒక్కడికి వండుకోవడం కన్నా పస్తు పడుకోవడం సుఖం. ఇలాగే పడుకుని, పడుకునే పోవాలని అతని ఆలోచన. దానికి అడ్డం ఈ గొంతు ఒక్కటే.

శ్రుతయ్య అన్నది చర్చిలో వాళ్లు ముద్దుగా పెట్టిన పేరు. అక్కడ పాటలు నడిపించేవాడు. ఎవరి గొంతు జారినా పాట ఆపించి, మళ్లీ మొదటి నుంచి పాడించేవాడు. పాస్టరుగారిని కూడా వదల్లేదు. అలాంటి మనిషి భార్య సమాధి దగ్గర అందరూ పాడుతుంటే పెదవి కదపలేదు. ఆ తర్వాతా కదపలేదు.

పాస్టరుగారు పరామర్శకు వచ్చి, "ప్రభువు పిలుచుకున్నాడయ్యా," అన్నాడు.

"పిలిచే పద్ధతి అదా? ఎముకల్లోకి పురుగును పంపి, కేకలు పెట్టించి మరీ పిలిచాడు. మా షెడ్డులో కుక్కను కూడా అలా పిలవం. మీరు వెళ్లండి."

పాస్టరుగారు వెళ్లాడు. మళ్లీ రాలేదు. సంఘం వాళ్లు వచ్చారు, తిట్లు తిన్నారు, మానేశారు. మిగిలింది గోడ అవతలి అమ్మాయి.

ఆమె మీద కోపం వేరు. అతని భార్య మంచం పట్టినన్నాళ్లూ, అతను పనికి పోతే పక్కన కూర్చున్నది ఆ అమ్మాయే. "పిన్నీ, పిన్నీ" అంటూ పెదాలు తడిపింది, పక్కబట్టలు మార్చింది. అంత చేరువైన మనిషి మట్టిలో కలిస్తే, వారమైనా తిరక్కుండా తెల్లారేసరికల్లా పాట ఎత్తుకుంది. అదీ ఏ పాట? ప్రభువు సమాధి గెలిచి లేచిన పాట. ఒళ్లు మండిపోయేది అతనికి.

అందులోనూ తప్పు పాడేది. రోజూ ఒకే చోట. రెండో చరణంలో "లేచెను" అన్న మాట దగ్గర గొంతు పైకి ఎక్కాలి. ఆమె గొంతు కిందికి జారేది. పంటి కింద రాయి పడ్డట్టుండేది అతనికి.

ఒకనాడు కుళాయి దగ్గర ఎదురుపడితే కడిగేశాడు.

"నీ దేవుడికి చెవుల్లేవు కాబట్టి బతికిపోయాడు. నాకున్నాయి. నా చావుకొచ్చింది."

"పాట నచ్చకపోతే దూది పెట్టుకోండి బాబాయ్."

"నచ్చక కాదు. తప్పు పాడుతున్నావు."

"ఎక్కడా?"

"చెప్పను. నేను పాటలు మానేశాను."

"సరే. అయితే నేను తప్పే పాడుకుంటాను." బిందె చంకనెత్తుకుని పోయింది.

మర్నాడు మళ్లీ అదే చోట జారింది. ఆ మర్నాడు ఇంకాస్త కిందికి జారింది. ఇక అతని వల్ల కాలేదు. దుప్పటి తన్ని లేచాడు. పెరిగిన గడ్డం, మాసిన లుంగీతో వెళ్లి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ మాట దగ్గర గొంతు ఎటు పోతోంది? చచ్చి లేచిన మనిషమ్మా ఆయన. కష్టపడి లేస్తే మళ్లీ గుంటలోకి తోస్తావేం?"

"లేచాడో లేదో మీకెందుకు బాబాయ్? మీకు నమ్మకం లేదుగా."

"నా నమ్మకం సంగతి నీకెందుకు? పాటలో లేచాడు. పైకి పాడు."

ఆమె పాడింది. గొంతు సగం దాకా ఎక్కి ఆగింది.

"అది మోకాళ్ల మీద లేవడం. నిలబడాలి."

"నాకింతే వచ్చు. మీరే పాడి ఏడవండి."

అతను పాడాడు. ముందు ఒక్క ఆ మాటే. గొంతు తుప్పు పట్టి గరగరలాడింది. ఆ గరగర అతనికే రోతపుట్టి, చరణం మొదటికి వెళ్లి మళ్లీ అందుకున్నాడు. "లేచెను" దగ్గర గొంతు ఎక్కింది, పైన ఒక్క క్షణం వణికింది, నిలబడింది. అక్కడితో ఆపలేకపోయాడు. మూడో చరణం కూడా పాడాడు. కళ్ల నీళ్లు గడ్డంలోకి జారుతున్నా తుడుచుకోలేదు. కుళాయి దగ్గరి ఆడవాళ్లు బిందెలు నిండి పొర్లుతున్నా నీళ్లు కట్టేయలేదు.

పాట అయ్యాక అతను పైకప్పు వైపు వేలు చూపించాడు.

"నిన్ను క్షమించి పాడలేదు. ఆమెను అలా ఎందుకు తీసుకెళ్లావో నువ్వు నాకు చెప్పాలి. చెప్పేదాకా వదలను."

దర్జీ అమ్మాయి చెంబుతో నీళ్లిచ్చింది. గటగటా తాగాడు. తాగాక ఆకలి తెలిసింది. బయట ఎండెక్కుతోంది.

"షెడ్డుకు పోవాలి," అన్నాడు ఎవరో అడిగినట్టు. "రేపు మళ్లీ కిందికి దించావంటే నీ మిషను వీధిలో పడేస్తాను."

"అలాగే బాబాయ్."

అతను గుమ్మం దాటాడు. వెనక మిషను మొదలైంది. దానితోపాటు పాట. రెండో చరణం. ఆ మాట దగ్గర గొంతు గాలిపటంలా సాఫీగా పైకి లేచింది. వెంట్రుకవాసి తేడా లేదు. చర్చిలో అన్నేళ్లు నేర్పినా ఒక్కరికీ అంత శుభ్రంగా పలకలేదు.

అతను వెనక్కి వచ్చాడు.

"నీకు వచ్చా?"

"చిన్నప్పటి నుంచీ వచ్చు."

"మరి ఇన్నాళ్లూ?"

ఆమె కుట్టు దగ్గర దారం పంటితో తెంపింది. తల ఎత్తలేదు.

"తప్పు పాడమని పిన్ని చెప్పి పోయింది."