మూడు నిమిషాల దండం

"ఇరవై సెకన్లలో తెరుచుకునే కంప్యూటర్ని పట్టుకోని మూడు నిమిషాలు ఆపల్లనా? నీకేమన్నా పిచ్చి పట్టిందా మారుతన్నా?" భారతి చేతిలోని స్క్రూడ్రైవర్‌ను బల్లమీద ఠక్కున పెట్టేసింది.

ఆదోని పత్తి మార్కెట్లో సావుకారు విశ్వేశ్వరయ్య మండీ అది. సాయంత్రం ఐదయింది. ఎమ్మిగనూరులో కంప్యూటర్లు బాగుచేసే అంగడి నడుపుకుంటున్న భారతి, మారుతి పొద్దుటి నుంచీ సావుకారు పాత కంప్యూటర్ ముందే కూర్చున్నారు. ఆ ముసలిదాని నెత్తిన ఉన్న బరువైన సిస్టమ్‌ను దించేసి, పైసా ఖర్చులేని తేలికపాటి లైనక్స్ ఎక్కించారు. ఇక మిగిలింది బూట్‌లోడర్ ఒక్కటే. మీట నొక్కగానే ముందు తను లేచి, మిగతా సిస్టమ్‌ను తట్టి లేపేది అదే. ఏది పెట్టాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది.

భారతికి చిన్న లోడర్ కావాలి. అది ఎవరినీ ఏమీ అడగదు, ఎక్కడా ఆగదు. మారుతికి గ్రబ్ అనే లోడర్ కావాలి. అందులో ఎన్ని సెకన్లు ఆగాలో రాసిపెడితే అంతసేపూ బుద్ధిగా ఆగి, ఆ తర్వాతే సిస్టమ్‌ను లేపుతుంది.

రేపు పొద్దున సావుకారు తన చేత్తో మీట నొక్కి చూస్తాడు. నచ్చిందా, ఆ వరుసలోని పన్నెండు మండీల కంప్యూటర్లూ వీళ్ళకే. నచ్చలేదా, అంగడికి తాళం వేసి భారతి మళ్ళీ కర్నూల్లో ఎవరి కిందో పనికి పోవాల్సిందే.

"ఆలస్యం అమృతం విషం అంటారన్నా. జల్దీ తెరుచుకుంటే ఎవరికి చేదు?"

"నిదానమే ప్రధానం అని గూడా అంటారు. ఈ నరసన్ననే అడుగు."

నరసన్న మండీ గుమాస్తా. లోపల ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు.

"మీట నొక్కినాడంటే సావుకారు ఆడనే నిలబడి, చేతులు జోడించి కండ్లు మూసుకుంటాడమ్మా. మూడు నిమిషాలు! నేను గడియారం పెట్టి సూసినా. అంతసేపూ మేము దగ్గేది గూడా లేదు. పోయిన నెల ఒక హమాలీ ఫోను మోగింది. సావుకారు సూసిన సూపుకు వాడు మళ్ళా ఈ గడప తొక్కలేదు. ఈ బజార్లో అంత భక్తి ఇంకెవురికీ లేదు."

"విన్నావా?" అన్నాడు మారుతి. "దండం నడుమ నీ కంప్యూటర్ టింగుమని లేచిందనుకో, మనమూ ఆ హమాలీ ఎనకాలే."

ఒక్కొక్క సెకనూ గీకి గీకి తగ్గించింది భారతి. ఇప్పుడు అవన్నీ తీసుకుపోయి మళ్ళీ దాని నెత్తిన పెట్టాలంటే కడుపు మండింది. అయినా పన్నెండు మండీల ముందు పంతమెంత?

"సరే, నీ గ్రబ్బే పెడదాం." విసురుగా కీబోర్డు ముందుకు లాక్కుంది. ఆగడానికి నూట అరవై సెకన్లు, లేవడానికి ఇరవై. అంకెలు తెరమీద కనబడకుండా దాచేసింది. తర్వాత నరసన్నను సావుకారుగా నిలబెట్టి మూడుసార్లు దండం పెట్టించారు. మూడోసారి ఆయన నిలబడే కునుకు తీశాడు.

మర్నాడు తొమ్మిదింటికి విశ్వేశ్వరయ్య వచ్చాడు. ఊదుబత్తీలు వెలిగించి కాటాకు, గల్లాపెట్టెకు, కంప్యూటర్‌కు తిప్పాడు. మీట నొక్కాడు. చేతులు జోడించి కండ్లు మూసుకున్నాడు.

పెదవులు కదులుతున్నాయి. మండీలో చీమ చిటుక్కుమనలేదు. భారతి మనసులో లెక్కపెడుతోంది. నూట డెబ్బై ఎనిమిది... నూట డెబ్బై తొమ్మిది...

సావుకారు కండ్లు తెరిచాడు. టింగుమని తెర వెలిగింది.

మారుతి గర్వంగా కనుబొమలు ఎగరేశాడు. సంతోషం పట్టలేక నరసన్న కూడా చేతులు జోడించాడు. సావుకారు ముఖం మాత్రం మాడిపోయింది.

"ఇంతేనామ్మా?"

"ఏమైంది సావుకారూ?" భారతి అడిగింది.

"ఏముంది? పాతదీ ఇంతసేపే, కొత్తదీ ఇంతసేపే. మంచిది, మీరు పోయి రాండి. ఇంకెవురినన్నా సూసుకుంటాం."

మారుతి కంగారుగా ముందుకొచ్చాడు.

"లేదు సావుకారూ! ఇది ఇరవై సెకన్లలోనే తెరుచుకుంటుంది. మీ దండానికి అడ్డం రాకూడదని, లెక్కేసి మేమే మూడు నిమిషాలకు పెట్టినాము."

విశ్వేశ్వరయ్య మారుతిని చూశాడు. కంప్యూటర్‌ను చూశాడు. గోడమీది దేవుళ్ళ పటాల వంక చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యో నా రాతా! ఇది జల్దీ తెరుచుకోవల్లనే గదప్పా, మూడేండ్ల నుంచి నేను ఆ దండం పెడతాండేది!"