ఆఖరి మేక

"ఒక్క మేకను జరపనీకి ఇంతసేపా బావా? నా కాళ్లు తిమ్మిరెక్కినయ్" అన్నాడు శంకర్రావు.

బొంబాయి కామాటిపురాలో, వరుస గదుల చాల్ గ్యాలరీలో చాక్‌పీసుతో గీసిన పులి-మేక పటం మీదికి వంగి యాదయ్య గడ్డం గీరుకుంటున్నాడు.

ఇద్దరూ కాబోయే వియ్యంకులు. శంకర్రావు కూతురు దర్శనకీ, యాదయ్య కొడుకు శివకీ పెళ్లి ఖాయమైంది గానీ, ఎక్కడ చేయాలన్నది తెగలేదు. ఈ చాల్ ముందే మండపం వేయాలని శంకర్రావు, మహబూబ్‌నగర్ దగ్గర తమ ఊళ్లోనే జరగాలని యాదయ్య. ఆటలో గెలిచినవాళ్ల మాట నెగ్గుతుంది. పులులు శంకర్రావువి, మేకలు యాదయ్యవి.

పొద్దున మొదలైన ఆట అన్నాలవేళ దాటినా ఒడవలేదు. చూసి చూసి దర్శనే ఫోన్ తెచ్చి పటం పక్కన పెట్టింది.

"పప్పా, మామా, ఇద్దరూ వినుండ్రి. ఒక్కో ఎత్తుకు రెండు నిమిషాలు. టైమర్ మోగేలోపల జరపకపోతే ఓడినట్టే."

శంకర్రావు పైకి మూతి ముడిచాడు గానీ, ఆట తొందరగా తెగుతుందని లోపల ఎగిరి గంతేశాడు. అసలు సంగతేమిటంటే, ఆయన ఓడిపోదామని చూస్తున్నాడు. పంతం కొద్దీ పదిమందిలో 'నా బిడ్డ పెళ్లి ఈ గల్లీలనే' అన్నాడు గానీ, శివ తమ ఊరి ఫొటోలు చూపించినప్పటినుంచీ మనసంతా అక్కడే ఉంది. డప్పులు మోగుతుంటే తలకు రుమాలు చుట్టి, ఊరి నడిమధ్య నుంచి పెళ్లికూతురి తండ్రిగా నడవాలి. ఆ మాట నోటితో అంటే భార్య గంగాబాయి జన్మంతా దెప్పుతుంది. ఆటలో ఓడితే ఎవరేమంటారు?

ఊరికే కూర్చుని టైమర్ మోగనిస్తే గంగాబాయి పసిగడుతుంది. అందుకని ఇక ఆయన పులులు చకచకా నడిచి వెళ్లి మూలకు చేరుకోసాగాయి.

"కాకా, ఆ మేకను కొట్టు, ఎదురుంగనే ఉన్నది కదా" అని నెత్తి కొట్టుకున్నాడు పక్కగది శైలేష్.

"ఇయ్యాల శనివారం. నా పులులకు ఉపాస్" అన్నాడు శంకర్రావు.

గ్యాలరీ అంతా గొల్లుమంది. యాదయ్య మాత్రం నవ్వలేదు. ప్రతి ఎత్తుకూ టైమర్ మోగబోయేదాకా నానబెట్టి, అప్పుడు ఏదో ఒక మేకను తోస్తున్నాడు. జిత్తులమారి అనుకున్నాడు శంకర్రావు.

చివరికి పులులన్నీ మూలన ఇరుక్కున్నాయి. ఒక్కటే సందు మిగిలింది. అందులో మేకను పెడితే ఆట ఖతం, గెలుపు యాదయ్యదే. దర్శన టైమర్ నొక్కింది. యాదయ్య నీళ్లు తాగాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ నీళ్లు తాగాడు.

"బావా, ఆ సందు చూడు."

"చూస్తున్న."

"చూసుడు గాదు, మేకను పెట్టు."

"పులి నోటికాడనా? భయమైతది బావా."

"నా పులి ఏమనదు. నాది జవాబ్‌దారీ."

"నీకేమన్న పిచ్చి లేసిందా? గెలిచే ఆటల అన్నకు ఎత్తులు చెప్తవ్?" గడపలోంచి గద్దించింది గంగాబాయి.

శంకర్రావుకి ముచ్చెమటలు పట్టాయి. ఫోన్‌లో అంకెలు కరిగిపోతున్నాయి. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే మేక వైపు పోయింది. "పప్పా, అది మామ మేక" అని దర్శన ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

టైమర్ మోగింది.

చాల్ దద్దరిల్లింది. శైలేష్ శంకర్రావుని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. గంగాబాయి ఆయన నోట్లో గుప్పెడు చక్కెర పోసింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగితే, ఆనందం ఆపుకోలేకపోతున్నాడనుకున్నారు అందరూ.

యాదయ్య తల దించుకుని, తన ఫోన్ పట్టుకుని గ్యాలరీ చివరికి వెళ్లిపోయాడు. శంకర్రావు ఇక ఉండబట్టలేకపోయాడు. ఆట పక్కన పెట్టు బావా, పెళ్లి మీ ఊళ్లనే అని చెవిలో చెప్పేద్దామని వెనకాలే వెళ్లాడు.

యాదయ్య ఊళ్లో ఉన్న భార్యతో గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"లచ్చమ్మా, ఎట్లనో తిప్పలు పడి ఓడిన. బొంబాయి టికెట్లు క్యాన్సిల్ చెయ్యొద్దని ఊరోళ్లందరికి చెప్పు."