గాలి పోయే దారి

బెల్లు కొట్టిన మనిషిని సరోజమ్మ పైనుంచి కిందికి చూసింది. జీన్సు, భుజాన బ్యాగు, చేతిలో గోడల చెమ్మ కొలిచే చిన్న యంత్రం.

"మగవాళ్ళెవరూ రాలేదా?"

"లేదండి. నేనే," అంది వసంత.

కొత్తగూడ చౌరస్తా వెనక సందులో, అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన పాత డాబా ఇల్లు అది. దాన్ని కొనాలనుకుంటున్న ఆదర్శ్ రాయదుర్గంలో ఆఫీసు వదిలి రాలేక, పాత ఇళ్ళ లోపాలు చూసిపెట్టే వసంతను పంపాడు. ఆమె సరేనంటేనే బేరం. అంతకుముందు వచ్చినవాళ్ళంతా బాత్రూం చూసి ముక్కు మూసుకుని వెళ్ళిపోయారు.

ఆదర్శ్ పేరు వినగానే సరోజమ్మ గొంతు మెత్తబడింది. "రండమ్మా, కూర్చోండి. కాఫీ తెస్తాను."

వసంత సోఫా మధ్యలో కూర్చుని కాలు మీద కాలు వేసుకుంది. పింగాణీ కప్పులో వచ్చిన కాఫీ రెండు గుక్కలు తాగి, తీపి ఎక్కువైందని పక్కన పెట్టేసింది. సరోజమ్మ నవ్వింది. అవసరం పడితే ఈవిడ ఇంత బాగా నవ్వగలదన్నమాట, అనుకుంది వసంత.

"మీది ఏ ఊరండి?"

"ఇక్కడే. గోపన్‌పల్లి."

"ఓహో, లోకలా," అంది సరోజమ్మ. పెదవి విరుపు దాచుకోవడానికి పెద్దగా కష్టపడలేదు.

వసంత లేచి వంటింటి పక్కనుంచి వెనక బాత్రూం వైపు నడిచింది. ఇంటాయన పార్థసారథి వెనకే వచ్చాడు. గవర్నమెంటులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నడకలో ఆ కుర్చీ దర్పం ఇంకా పోలేదు.

తలుపు ఉబ్బి చట్రానికి పట్టేసింది. వసంత భుజంతో నెట్టింది. తడి గోనెసంచి కంపు గుప్పుమంది. గోడలంతా నల్లటి బూజు. రంగు బుడగలు బుడగలుగా లేచింది. పైకప్పు పెచ్చులూడుతోంది.

"ఇదంతా ఆ మేస్త్రీ వెధవ పనండి," అన్నాడు పార్థసారథి. "తర్వాత పెయింటర్లు. వాటర్‌ప్రూఫ్ రంగులని ఎన్నిసార్లు వేయించినా ఇదే తంతు. అందరూ దొంగలే."

"పనివాళ్ళు మాత్రం తక్కువా?" సరోజమ్మ అందుకుంది. "తుడవమంటే నీళ్ళు కుమ్మరించి పోతారు. అలగా జనం. వాళ్ళ మొహాలకి శుభ్రం ఒకటా!"

వసంత యంత్రాన్ని గోడకు ఆనించింది. నాలుగు వైపులా చూసింది. తర్వాత తలెత్తింది. వెంటిలేటర్ ఉండాల్సిన చోట ఇనప రేకు, చుట్టూ మేకులు.

"ఆ రేకేంది?"

"వెంటిలేటరండి. మూయించేశాం."

"మరి వేణ్ణీళ్ళ ఆవిరి ఎటు పోవాలి?"

"తలుపు తీసినప్పుడు పోతుంది కదండీ."

వసంత ఆయన్ని చూసింది. గోడ మీది బూజును కూడా ఇంతకంటే మర్యాదగా చూసింది.

"గోడలో తప్పు లేదు. పైపులో లీకు లేదు. పోయే దారి లేక ఆవిరంతా గోడలకు ఎక్కింది. ఇన్నేళ్ళూ మేస్త్రీని తిట్టారు, పెయింటర్లను తిట్టారు, పనోళ్ళను తిట్టారు. రేకు కొట్టింది మీరు. ఈ కంపు మీదే."

సరోజమ్మ ముఖం జేవురించింది. నోటిదాకా వచ్చిన మాటను బేరం గుర్తొచ్చి మింగింది.

"తీయండి," అంది వసంత.

"ఇప్పుడా? రేపెవరినైనా పిలిపించి..."

"రేకు కింద గోడ ఎట్లుందో చూడకుండా ఆదర్శ్ గారికి నేనేం చెప్పాలి?"

పార్థసారథి స్టూలు, సుత్తి తెచ్చుకున్నాడు. రొప్పుతూ ఎక్కాడు. ఒక్కో మేకూ ఊడుతుంటే తుప్పు ఆయన బట్టతల మీద రాలింది. వసంత చేతులు కట్టుకుని నిలబడింది. స్టూలు కదులుతుంటే సరోజమ్మే వంగి పట్టుకుంది.

రేకు దభీమని కింద పడింది. మధ్యాహ్నపు వెలుతురు గదిలోకి దూకింది. ఫ్లైఓవర్ మీది హారన్లు, వాటితోపాటు గాలి.

వసంత యంత్రాన్ని కంత అంచుకు ఆనించమని ఆయన చేతికిచ్చి, అంకె చదివించింది.

"గోడ గట్టిగానే ఉంది. గాజు పలకలు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే ఎండాకాలం దాటేసరికి ఆరిపోతది. ఆదర్శ్ గారికి ఉన్నదున్నట్టే చెప్తాను."

సరోజమ్మ హమ్మయ్య అనుకుంది. ప్రాణం కుదుటపడగానే పాత గొంతు తిరిగొచ్చింది. "వాళ్ళని గ్రిల్లు కూడా పెట్టించుకోమనండి. ఈ ఏరియా జనాన్ని నమ్మలేం. ఆ కంత వల్లే మా ఇంట్లో దొంగతనం జరిగింది. పాతికేళ్ళయింది లెండి. మర్నాడే ఈ రేకు కొట్టించాం."

"ఏం పోయింది?"

మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చెప్పుకోదగ్గదేం కాదు," అంటూ పార్థసారథి స్టూలు దిగాడు.

వసంత ఆ స్టూలెక్కి, అప్పుడు వీళ్ళు బయట గడియ పెట్టి బంధించిన ఈ గదిలోంచి పదకొండేళ్ళ పనిపిల్లగా తను దూరి పారిపోయిన ఆ కంతలో ఇప్పుడు తన భుజాలు పట్టవని చూసుకుంది.