కాకి చెప్పని భజన

ఎప్పుడు, ఎక్కడ అని అడక్కండి, ఒక చెరువుంది. దాని గట్టు మీద చెట్టెక్కి రెండు మగ పావురాలు కలిసి కాపురం పెట్టాయి. "దేవుడు ఒప్పుకోడు" అని కోడిపుంజు గోల పెట్టింది. కబుర్లు మోసే కాకి ఆ గోలే పట్టుకుని, "భక్తులంతా మండిపడుతున్నారు" అని చెట్టు చెట్టుకీ చాటింది. అది విని పావురాలు వెళ్లిపోదామని గూటి పుల్లలు పీకడం మొదలెట్టాయి.

అక్కడ శనివారం భజన నడిపేది ముసలి బాతు. నామం పెట్టుకోందే గింజ ముట్టదు. అది కాకిని పిలిచింది.

"ఏరా, పోయిన శనివారం ఆ పిల్లలిద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని పాడాం. చూశావా లేదా?"

"చూశాను పిన్నీ. హాయిగా పాడుకుంటుంటే అదేం కబురు? పైగా నామం పెట్టుకుని వాళ్ల వైపు మాట్లాడితే ఎవరు నమ్ముతారు? అది చెరిపేసి చెప్పు, ఇప్పుడే చాటుతాను."

"నామం ఉంది కాబట్టే చెబుతున్నానురా. నీకు పుంజు గొంతొక్కటే వినబడితే చెవిలో మందేసుకో."

కాకి నవ్వి ఎగిరిపోయింది. బాతు దాని కోసం ఆగలేదు. భజన వాళ్లందర్నీ వెంటేసుకుని, తాళాలు కొట్టుకుంటూ గట్టంతా తిరిగి పావురాల చెట్టు కిందకొచ్చింది. ఆ చప్పుడు కాకి మోయకుండానే అన్ని గూళ్లకీ వినబడింది.

"నాయనా, మేమూ భక్తులమే. ఈ వారం భజన మీ ఇంట్లో. ప్రసాదం ఎగ్గొడదామని చూడకండి."

పెద్ద పావురం ముక్కున ఉన్న పుల్లని మళ్లీ గూట్లో గుచ్చింది. చిన్నది కిందకి తొంగిచూసి అడిగింది.

"శనగలు ఎన్ని నానబెట్టమంటారు పిన్నీ?"