చెరిపిన దారి

"మళ్లీ చెరిపేశాడు!"

అంబిక గట్టిగా అనేసరికి బెంగళూరు హూడిలోని తమ ఆఫీసు క్యాంటీన్‌లో పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు.

"ఎవరు? దేన్ని?" అడిగింది శ్రుతి, ఇడ్లీ తుంచుతూ.

"ఆనేకల్ అవతల పాత రాతి క్వారీ ఉంది కదా, దాని అంచున పోయే కాలిబాట. మ్యాపులో నేను పెట్టడం, వాడు తీసెయ్యడం. వారం నుంచి ఇదే పని."

అది పదిమందీ కలిసి ఉచితంగా తయారుచేసే ఆన్‌లైన్ మ్యాపు. అంబిక అందులో వాలంటీరు. ఆనేకల్ వైపు ఎవరు ఏ మార్పు చేసినా సరిచూసి, తప్పొప్పులు చెప్పే బాధ్యతను ఆమె తనంతట తానే తలకెత్తుకుంది.

ఆదివారం ఆమె నడక బృందం ఆ మ్యాపునే నమ్ముకుని ఆ బాటన వెళ్లబోతోంది. దారి మాయమైతే నడకా ఉండదు, ఆమె మాటకు విలువా ఉండదు.

చెరిపినవాడి ఖాతా పేరు 'బాటసారి'. తెరిచి నెల కూడా కాలేదు. చేసిన పనల్లా ఈ చెరపడమే.

కొత్తవాళ్లందరికీ పంపే వ్యాఖ్యనే అంబిక అతనికీ పంపింది: "స్వాగతం. నేల మీద ఉన్నదాన్ని మ్యాపులోంచి తొలగించకండి."

"ఆ దోవ మంచిది కాదు. ఉంచొద్దండి" అని జవాబు వచ్చింది.

"దారి ఉందా లేదా అన్నదే మ్యాపుకు కావాలి. ప్రమాదమైతే ప్రమాదమని గుర్తు పెట్టండి."

"పెట్టినాను. చాల్లేదు."

"దీన్ని గీసినది జయరామప్పగారు. సగం తాలూకా కాలినడకన తిరిగి గీసిన మనిషి. ఆయన గీతను చెరపడానికి మీరెవరు?"

 దానికి జవాబుగా దారి మళ్లీ మాయమైంది.

"ఎందుకు చెరుపుతున్నాడో అడిగావా?" అంది శ్రుతి, ఇదంతా విని.

"అడిగేదేముంది? ఆ పక్కన సైటు కొనుంటాడు. జనం నడిస్తే వాడికి కడుపుమంట."

ఆ సాయంత్రమే అంబిక నిర్వాహకులకు ఫిర్యాదు చేసింది. ఒకవైపు నెల తిరగని ఖాతా, మరోవైపు ఏళ్లనాటి పేరు. తీర్పు ఎటు మొగ్గుతుందో ఆమెకు తెలుసు.

బాటసారి ఖాతాను నిలిపివేశారు.

అయినా ఆమెకు మనసు నిలవలేదు. పని మధ్యలో, సిగ్నల్ దగ్గర, అన్నం ముందు ఫోను తీసి దారి ఉందో లేదో చూసుకుంటూనే ఉంది.

ఆదివారం బృందంతో అంబిక వెళ్లేసరికి క్వారీ చుట్టూ నేల వానకు నాని ఉంది. బాట మొదట్లో ముళ్లకంప అడ్డంగా పడి ఉంది. పక్కన రాయి మీద, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి.

"యాడికమ్మా?"

"ఈ దారిన అవతలికి."

"దోవ లేదు. తిరుక్కోండి."

అంబిక ఫోను చూపించింది. "ఇదిగో, ఉంది."

"ఫోన్లో ఉండాది. ఈడ లేదు. వానలకి అంచు లోపల్లోపలే కరిగిపోయుండాది."

"ఏం తాతా, టోల్ గేట్ పెట్టావా?" వెనకనుంచి బృందంలోని చేతన్ నవ్వాడు.

"పెట్టుండానప్పా. వెనక్కి పోయేటోళ్లకి నా ఖర్చుతో టీ."

అందరూ నవ్వారు. అంబిక నవ్వలేదు.

"అంత ప్రమాదమైతే మ్యాపులో రాయొచ్చు కదా?"

"రాస్తే ఎవురు చదువుతారమ్మా? ఫోన్లో గీత కనపడితే కాళ్లు ఆపక్కే పోతాయి."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "బాటసారి మీరేనా?"

ఆయన చూపు తిప్పుకున్నాడు.

"అక్కడ ఆపిస్తే ఇక్కడికొచ్చి కూర్చున్నారా!"

కంపను పక్కకు లాగి అడుగు వేసింది. రెండో అడుగు కింద నేల జారింది. రాళ్లు దొర్లుకుంటూ పోయాయి. కాసేపటికి, ఎక్కడో లోతున, నీళ్ల చప్పుడు.

ఆమె వీపు మీది బ్యాగు పట్టీ ఆయన పిడికిట్లో ఉంది.

గడ్డి మీదికి లాగి కూర్చోబెట్టి, ఆయన కంపను మళ్లీ దారికి అడ్డంగా ఈడ్చాడు. అరచేతిలో ముళ్లు దిగి రక్తం కారుతోంది.

"ఏమండీ..." అంది అంబిక. 

"పోండమ్మా. మళ్లా మబ్బు పట్టుండాది."

తిరుగు దారిలోనే ఆమె తన చేత్తో ఆ గీతను చెరిపేసింది. బాటసారి ఖాతాను తిరిగి తెరవమని నిర్వాహకులకు రాసింది.

"ఆ ఖాతాను ఆయనే మూసేసుకున్నారు" అన్నారు వాళ్లు.

మరుసటి ఆదివారం ఒక్కతే వెళ్లింది. పంచాయతీవాళ్లు వేసిన ముళ్లతీగ కంచె ఉంది. మనిషి లేడు.

చివరికి మునిరాజుకు ఫోన్ చేసింది. బెంగళూరు వాలంటీర్లందరికీ పెద్ద ఆయన. నగర్తపేటలో అట్టపెట్టెల దుకాణం.

"మునిరాజన్నా, జయరామప్పగారి నంబరు కావాలి. ఆయన గీసిన దారి తీసేశాను, చెప్పాలి. ముందే ఆయన్ని ఒక్క మాట అడిగుంటే, పాపం ఆ బాటసారితో అంత గొడవపడేదాన్ని కాదు."

అవతల తోపుడుబండ్ల కేకలు వెనకబడ్డాయి; మునిరాజు దుకాణం లోపలికి నడిచినట్టున్నాడు.

"ఆయన ఇప్పుడు ఎవురి ఫోనూ తీసుకోడమ్మా. ఎండల్లో నడిచి గీసినాడు ఆ దోవ. వానల్లో ఒక కాలేజీ పిల్లోడు ఆ గీతనే నమ్ముకొని పోయి నీళ్లలో తేలినాడు. ఆ పొద్దే తన పేరుతో ఉండే ఖాతా వదిలేసినాడు."

"అలాగైతే, ఆ గీతను ఆయనే చెరిపేసి ఉండొచ్చు కదన్నా?"

"చెరుపుతానే ఉండె కదమ్మా, నువ్వు ఆపించేదాకా."