పొడుగు ఫిన్

ప్రేమ్‌చంద్ సంచీలోని ఫిన్‌లన్నీ ఇసుకలో పరిచి, అన్నిటికంటే పొడుగుదాన్ని తీసుకున్నాడు.

నిలబడి తెడ్డు వేసే బోర్డుకు అడుగున, తోక దగ్గర బిగించే రెక్కనే ఫిన్ అంటారు. అది లేకపోతే బోర్డు తిన్నగా పోదు. పొడుగుది పెట్టాలా పొట్టిది పెట్టాలా, గాడిలో ముందుకు జరపాలా వెనక్కి జరపాలా అన్నది నీళ్లను చూసి తేల్చుకోవాలి.

ప్రేమ్‌చంద్ నీళ్ల వంక చూడనైనా లేదు.

వాళ్లకు సత్తెనపల్లిలో జిన్నింగ్ మిల్లు ఉంది. పింజ పొడుగున్న పత్తికే రేటు అన్న మాట వింటూ పెరిగాడు. పొడుగుదైతే మేలు రకం, పొట్టిదైతే నాసిరకం. ఇంక ఆలోచించాల్సిందేముంది?

వేటపాలెం దాటాక సముద్రంలో కలిసే కాలువలో ఆ రోజు పోటీ. ఆడా మగా అందరికీ ఒకటే పందెం. గెలిచిన ఒక్కరికే రాష్ట్ర జట్టులో చోటు.

ఆ చోటు తనదేనని అతను ఊరంతా చెప్పుకుని వచ్చాడు. వాళ్ల నాన్న యలమందయ్య అయితే కొడుకు ఫొటోతో అభినందనల ఫ్లెక్సీ ముందే కొట్టించి మిల్లులో దాచాడు. ఇప్పుడు ఓడిపోతే ఊళ్లో తలెత్తుకుని తిరగలేడు.

ఇంతలో ఒకామె వచ్చి పక్కనే బోర్డు దించింది. నలభై దాటిన మనిషి. తలకు స్కార్ఫు, బోర్డు నిండా అతుకులు, చంకలో తువ్వాలుతో కట్టిన మూట.

పోటీ నడిపే ఏసోబు లేచి తన కుర్చీ ఆమెకు వేశాడు. పెద్దావిడ, ఎక్కువసేపు నిలబడలేదని జాలిపడ్డాడు కాబోలనుకున్నాడు ప్రేమ్‌చంద్.

పేరడిగితే రహిమున్నీసా అంది. ఊరడిగితే పొదిలి అంది.

"పొదిలా? మీకు తాగడానికే ట్యాంకరు రావాలి. బోర్డు ఎక్కడ నేర్చుకున్నావమ్మా, డ్రమ్ములోనా?"

చుట్టూ ఉన్నవాళ్లెవరూ నవ్వలేదు. తన జోకు ఆ మొహాలకు అందలేదనుకున్నాడు.

క్యారేజీ కట్టుకొచ్చి మంచి పని చేశావని మూట చూపించి మరీ మెచ్చుకున్నాడు. ఆమె గమ్యం చేరేసరికి ఎలాగూ భోజనాల వేళవుతుందట.

ఆమె మూట సంగతి ఎత్తలేదు. అతని బోర్డు కేసి చూసింది.

"అది తీసెయ్ తమ్ముడూ. సముద్రం వెనక్కి లాగుతోంది, కాలువలో నీళ్లు దిగిపోతున్నాయి. వంతెన అవతల అడుగునంతా రాళ్లే. పొట్టిది పెట్టి గాడిలో బాగా వెనక్కి జరుపు, తిన్నగా పోద్ది."

పొట్టి ఫిన్‌లు చేతగానివాళ్లు పెట్టుకునేవని ఆమెకు పాఠం చెప్పి, మిగతావి సంచీలో కుక్కి ఒడ్డున పడేశాడు.

ఈల వేశారు.

వంతెన దాకా ఆమె ముందు, అతను వెనక. మిగతావాళ్లు ఎక్కడో చాలా వెనక ఉన్నారు. ట్యాంకరు నీళ్ల మనిషి ముందుండటం అతనికి ఒళ్లు మండించింది. వంతెన దాటగానే గట్టు పక్కనుంచి ఆమెను దాటబోయాడు.

అడుగున రాయి తగిలింది. పొడుగు ఫిన్ మొదలంటా విరిగింది. మేలు రకం మనిషి బోర్లా బురదలో పడ్డాడు.

మళ్లీ ఎక్కి తెడ్డు వేస్తే బోర్డు పక్కకు తిరిగింది. అటు వేస్తే ఇటు తిరిగింది. నీళ్లు మాత్రం ఆగకుండా సముద్రం వైపు లాగుతున్నాయి. అతను గొంతు చించుకుని అరిచాడు.

రహిమున్నీసా వెనక్కి వచ్చింది.

తన బోర్డు తిరగేసి పొట్టి ఫిన్ ఊడదీసింది. దాన్ని అతని బోర్డు గాడిలో పెట్టి, వెనక్కి జరిపి బిగించింది.

మరి నీకో, అని అతను అడగాలి. అడగలేదు. ఆమే చెప్పింది.

"ఫిన్ లేకుండా నడపడం నాకొచ్చు. నీకు రాదు. పో."

పోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ పొట్టి ఫిన్ అతన్ని గీత గీసినట్టు తీసుకుపోయి గెలిపించింది.

ఒడ్డెక్కగానే నాన్నకు ఫోన్ చేసి ఫ్లెక్సీ కట్టించమన్నాడు. ఫిన్ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరి కంటా పడకుండా బోర్డు తోకను ఇసుకలోకి నొక్కి పెట్టాడు కూడా.

రహిమున్నీసా తెడ్డు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వేసుకుంటూ, వంకర్లు తిరుగుతూ అందరికంటే ఆఖరున వచ్చింది.

"ఇలాంటి వాళ్లని రానిస్తే పోటీకి విలువేముంటది?" అన్నాడు ప్రేమ్‌చంద్ పక్కవాళ్లతో.

ఈసారీ ఎవరూ నవ్వలేదు.

ఏసోబు మైకులో విజేత పేరు చదివాడు. ప్రేమ్‌చంద్ జుట్టు సర్దుకుని వేదికెక్కాడు. బల్ల మీద పూలదండ ఉంది, కప్పు లేదు.

కప్పేదని అడిగాడు. ఇక్కడి ఆనవాయితీ వేరని ఏసోబు చెప్పాడు. గెలిచినవాళ్ల ఇంట్లోనే కప్పు ఏడాదంతా ఉంటుంది. మళ్లీ పోటీకి వాళ్లే తెచ్చి, కొత్తగా గెలిచినవాళ్లకు తమ చేత్తో ఇవ్వాలి.

"తేలేదా అయితే? ఎవడండీ ఆ బాధ్యత లేని మనిషి?"

ఏసోబు వేదిక కిందికి చూపించాడు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు.

తడిబట్టలతోనే వేదికెక్కిన రహిమున్నీసా తువ్వాలు మూట విప్పి, నిరుడు తను గెలిచిన కప్పును అతని చేతుల్లో పెట్టింది.